గొట్టం మీద నంబరు

గుమ్మడిదల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ చూస్తుంటాను. బ్యాచ్ నంబరు చదవనిదే ఒక్క పెట్టెనూ గేటు దాటనివ్వను. ఇంట్లోనూ అదే బుద్ధి. బ్రెడ్ ప్యాకెట్ తిప్పి తిప్పి చూస్తుంటే మా ఆవిడ నవ్వుతుంది.

అమ్మకు ఒకే బర్రె. దూడప్పటి నుంచి తనే సాకింది. ఈ రెండు మూడు నెలల్లో చూడి కట్టకపోతే సంతకు తోలడమేనని నాన్న తేల్చేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకు అన్నం సయించలేదు.

బర్రె ఎదకొచ్చిందని కబురు పెడితే, పశువులకు చూడి సూదులు వేసే ఆయన వీర్యపు గొట్టాలుండే చలిడబ్బా బండి మీద కట్టుకొని వచ్చాడు. ఇది ఆడదూడే పుట్టే రకం వీర్యం అన్నాడు. నాకు అక్కడే అనుమానం. పుట్టేది ఆడదో మగదో ముందే చెప్పే మనిషిని ఎట్లా నమ్మేది? ఆ సన్నని గొట్టంలో ఏం పోసి తెచ్చినా ఎవరికి తెలుస్తుంది?

డబ్బాలోంచి గొట్టం తీసి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచాడు. నేను చెయ్యి చాపాను.

"ఒకసారి చూపియ్యన్నా."

"సూసి జల్దీ ఇయ్యి తమ్మీ, లేట్ చేయొద్దు."

ఆ తొందరే అతణ్ణి పట్టిచ్చిందనుకున్నాను. మా గేటు దగ్గర తప్పుడు సరుకు తెచ్చేవాళ్లూ ఇట్లాగే తొందరపెడతారు. బర్రె కొట్టంలోంచి బయటికొచ్చి, గొట్టాన్ని ఎండలో పట్టుకొని, వీర్యం ఏ దున్నదో తెలిపే నంబరు తాపీగా చదివాను. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. అతను మొహం మాడ్చుకుంటే లోలోపల మురిసిపోయాను.

మూడు వారాలకు బర్రె మళ్లీ ఎదకొచ్చింది, చూడి నిలవలేదన్నమాట. ఉత్త నీళ్లు ఎక్కించి పోయాడని ఊరంతా చెప్పాను. వేరే దిక్కులేక రెండోసారీ అతణ్ణే పిలిచి, ఇంకా గట్టిగా పరీక్ష పెట్టాను. గొట్టాన్ని నాన్న చేతికీ పక్కింటాయన చేతికీ ఇచ్చి చూపించాను. అదీ నిలవలేదు. బర్రెను అమ్మేశారు.

తర్వాత పక్కింటాయన దూడకు టీకా వేయించడానికి తోడుగా పశువుల క్యాంపుకు పోయాను. అక్కడ డాక్టరమ్మ రైతులకు చెబుతోంది.

"నీళ్లల్లకెల్లి తీసినంక గొట్టానికి ఎండ తగలొద్దు. చేతుల వట్టుకొని ఆలస్యం చేస్తే లోపలున్న జీవం సస్తది."

పక్కింటాయన నా వైపు చూశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఎవరితోనో ఆ సూదులాయన్ని దొంగ అంటోంది. వాళ్లు పోయాక కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మ నన్ను తిట్టలేదు.

"సదువుకున్న కొడుకు పక్కపొంటి నిలవడ్డడు, నా బర్రెకు ఇగ ఫికర్ లేదనుకున్న గదరా" అంది.