అలాగేనండి అన్న రోజులు

బైపాస్ ఆపరేషన్ అయ్యాక ఎల్బీనగర్ ఆస్పత్రి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చిన రోజే నాకు అనుమానం మొదలైంది. ఆగి ఆగి మెట్లెక్కి, హాల్లో కుర్చీలో కూలబడి, "ఈ ఫ్యాను మీద దుమ్ము చూడు, ఇన్నాళ్లూ ఎవరూ తుడవలేదా?" అని విసుక్కున్నాను. మామూలుగా అయితే మా ఆవిడ, "మీరు ఆస్పత్రిలో పడుకుంటే నేనిక్కడ పండగ చేసుకున్నానా?" అనాలి. దానికి నేనొకటి అనాలి, తను రెండనాలి. అలాంటిది, "అలాగేనండి, ఇప్పుడే తుడుస్తాను" అంది.

మాది కొట్లాడుకునే కాపురం. చూసి జాలిపడక్కర్లేదు, మాకది సుఖంగానే ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినప్పటి నుంచీ కూరలో ఉప్పు మొదలు ఎన్నికల దాకా మేం ఏకీభవించిన విషయం లేదు. నేను కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. అక్కడ పొద్దస్తమానం నా మాటకు ఎదురుండదు. ఇంటికొస్తే ప్రతి మాటకూ ఎదురే. ఆ ఎదురు మాటలు పడకపోతే నాకు అన్నం అరగదు.

ఒళ్లు సంగతి సరేసరి. రొమ్ము ఎముకను కోసి, మళ్లీ తీగలతో కట్టారు. కాల్లోంచి నరం తీసినందుకు పాదం బూరెలా ఉబ్బింది. దగ్గొస్తే దిండును గుండెకు అదుముకుని దగ్గాలి. పక్కకు తిరిగి పడుకోకూడదు. చేతులు పైకెత్తకూడదు కనుక చొక్కా ఆవిడే తొడగాలి. ఇవి చాలవన్నట్టు ఊపిరితిత్తుల కసరత్తుకు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే అందులోని బంతులు పైకి లేవాలి. మొదట్లో ఒక్కటీ కదల్లేదు. గాలి ఒత్తిడి గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ బంతుల ముందు తలొంచుకున్నాను.

అన్నీ ఓర్చుకున్నాను గానీ ఆ 'అలాగేనండి'ని ఓర్చుకోలేకపోయాను. ఆస్పత్రి నుంచి పంపించే రోజు డాక్టరు మా ఆవిడను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. ఏమన్నాడని అడిగితే "ఏం లేదండి" అంది. మన ఇళ్లల్లో పోయేవాడికి ఎవరూ ఎదురు చెప్పరు. మా పెదనాన్న చివరి రోజుల్లో పట్టపగలు చుక్కలు కనిపిస్తున్నాయంటే మేమంతా అవునవునని తలూపాం. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను. నేనెక్కువ కాలం బతకనని తనకు తెలుసు, నాకు చెప్పడం లేదు. నిజంగా భయపడిపోయాను.

పరామర్శకు వచ్చేవాళ్లు పుండు మీద కారం చల్లి పోయేవారు. దానిమ్మపండ్లు బల్ల మీద పెట్టి, ఇదే ఆపరేషన్ చేయించుకున్న తమ బంధువుల కథలు చెప్పేవారు. ఆ బంధువుల్లో సగంమంది ఇప్పుడు లేరు.

చివరికి ఒకరోజు పరీక్ష పెట్టాను. "మీ తమ్ముడంత పిసినారిని నేనెక్కడా చూడలేదు" అన్నాను. మా ఇంట్లో ఈ మాటకు గిన్నెలు ఎగిరేవి. "అవునండి" అంది, చొక్కా గుండీలు పెడుతూ. ఆవకాయ వెయ్యమన్నాను. "అలాగేనండి" అని లోపలికెళ్లి, చప్పిడి పప్పుచారుతో తిరిగొచ్చింది. పోయేవాడికి అడిగింది పెడతారు కదా, అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. భయంలో ఉన్నవాడికి బుర్ర పనిచేయదు.

మెట్లు దిగి నడవొచ్చని డాక్టరు చెప్పాక, మొదటిసారి కిందికి దిగాను. ఇంటి ఓనరమ్మ గేటు దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఇబ్రహీంపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ.

"ఎట్లున్నవ్ సారూ? మొకం జర తేటగైంది" అంది.

పక్కన కూర్చుని అడిగేశాను. "అమ్మా, నా దగ్గర దాచొద్దు. డాక్టరు మా ఆవిడతో ఏమన్నాడు? నేనింకెన్నాళ్లు ఉంటానట?"

"ఎవడన్నడు గట్ల?"

జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఒళ్లో చిక్కుడుకాయలు కిందపడేలా నవ్వింది.

"అయ్యో సారూ, గిదా నీ పరేషాన్? డాక్టరు చెప్పింది ఉప్పు ముచ్చట. నీ ఆపరేషన్ ముందుదినం మేమిద్దరం కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడికి పోయినం. నీకు మస్తు ఇష్టమైంది ఏదన్న ఇడిచిపెడతనని మొక్కు బిడ్డా అన్న. చాయ్ ఇడుస్తదేమో అనుకున్న. ఆమెనేమో మా ఆయన మంచిగ ఇంటికొస్తే మండలం దినాలు ఆయనకు ఎదురు మాట్లాడనని మొక్కింది. నీతోని కొట్లాడుడంటే గంత పానం సారూ ఆమెకు! మొక్కు బయట చెప్పొద్దు. నేను చెప్పిన్నని అనకు."

తల పైకెత్తితే డాబా మీద మా ఆవిడ బట్టలారేస్తూ కనిపించింది. బతుకుతానన్న సంతోషం కన్నా, నన్ను ఇన్నాళ్లూ తిట్టకుండా ఎలా ఉండగలిగిందా అన్న ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఆ తర్వాత తన మొక్కు చెడకూడదని నేనూ నోరు కట్టుకున్నాను. ఫ్యాను ఊసెత్తలేదు, ఆవకాయ అడగలేదు. బంతులు ఒక్కొక్కటే లేచాయి. సాయంత్రాలు మెట్రో స్తంభాల దాకా నడిచి, కాస్త ఆగి, తిరిగొచ్చేవాణ్ణి.

మండలం పూర్తయిన రోజు ఇద్దరం కర్మన్‌ఘాట్ వెళ్లాం. తను ప్రదక్షిణలు చేసింది, నేను కూర్చుని చూశాను. తిరుగు ఆటో సరూర్‌నగర్ వైపు మళ్లగానే తను నా వైపు తిరిగింది.

"మొక్కు తీరిపోయింది. ఇప్పుడు చెప్పండి. ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తుంటే నాతో ఏమన్నారు?"

నాకు గుర్తు రాలేదు.

"గ్యాస్ బండ బుక్ చెయ్యి, మర్చిపోతావు అన్నారు. అంతే, తలుపులు మూసేశారు. ఇన్నేళ్ల కాపురానికి అదేనా నాతో అనాల్సిన మాట? మీకేమైనా అయ్యుంటే, నేను బతికినన్నాళ్లూ గ్యాస్ బండను తలుచుకుని ఏడవాలా?"

ఆటో అతను అద్దంలోంచి మమ్మల్ని చూసి, చటుక్కున రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు.

"భయమేసిందే" అన్నాను. "ఇంకేం మాట్లాడినా ఏడుపొచ్చేస్తుందని, నోటికొచ్చింది అనేశాను."

"అయితే అప్పుడే ఏడ్చి చావొచ్చుగా! నేనూ ఏడ్చేదాన్ని."

ఆ మాటతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, ఆటోలో వెక్కి వెక్కి ఏడ్చాను. వెక్కినప్పుడల్లా ఎముక కలుక్కుమంటోంది. మా ఆవిడ తన కళ్లు పైట కొంగుతో తుడుచుకుని, అరచెయ్యి నా గుండె మీద అదిమిపెట్టి, "మెల్లగా ఏడవండి, ఎముక ఇంకా అతుక్కోలేదు" అని కసిరింది.