రెండు సముద్రాల నడుమ ఒక చెలమ

ఆదోని బడిలో పిల్లలకు ఏళ్ళ తరబడి అఖాతాలూ సింధుశాఖలూ చెప్పాను గానీ, మద్రాసు తీరం తప్ప వేరే సముద్రం చూసిన పాపాన పోలేదు. మా ఊరి పత్తి బేళ్ళే నాకంటే ఎక్కువ సముద్రం చూసి ఉంటాయి. నన్ను కదిలించింది ఎమ్మిగనూరులో ఉండే మా మేనత్త తుంగమ్మ. ఆమె ఎప్పుడో భర్తతో కాశీకి పోయి, మూతకు సీసంతో మాటు వేయించి తెచ్చుకున్న గంగచెంబు దేవుని గూట్లోనే ఉండిపోయింది. ఆ గంగతో రామేశ్వరంలో అభిషేకం చేయిస్తేనే కాశీయాత్ర పూర్తయినట్టు. ఆ పని మిగిల్చి మామ పోయాడు. "నేనూ పోతే ఈ చెంబు ఎవురు మోస్తారప్పా?" అని అత్త అడిగింది. వేసవి సెలవులివ్వగానే బయలుదేరాం. అభిషేకం అయ్యేదాకా తన చేత్తో తోడుకున్న నీళ్ళే తాగాలని ఆమె మొక్కు.

ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని వచ్చి, అక్కడ మద్రాసు రైలెక్కాం. మద్రాసు సత్రంలో అత్త తానే బావిలో చేది మరచెంబు నింపుకుంది. సాయంత్రం ఎగ్మోరులో సింహళం ఓడకు అందించే బోట్ మెయిల్ ఎక్కాం. మూడో తరగతి చార్జీ బడిపంతులుకు మరీ బరువేమీ కాదు. మరునాడు పాంబన్ వంతెన మీద బండి నత్తనడక నడిచింది. నీళ్ళు తాగబోతున్న అత్త చెంబు పక్కన పెట్టి కిటికీకి అతుక్కుపోయింది.

"అబ్బబ్బ! ఇన్ని నీళ్ళకు కట్ట యాడ ఏసినార్రా?"

"సముద్రానికి కట్ట ఉండదత్తా."

"కట్ట లేకుంటే నీళ్ళెట్ల నిలుస్తాయి? పంతులువి, తెలీకుంటే తెలీదని సెప్పు!"

నేను నవ్వుతుండగానే బండి కుదిపింది. మూత బిగించని మరచెంబు బోర్లాపడి ఉన్న నీళ్ళన్నీ పోయాయి.

ధనుష్కోడిలో దిగేసరికి ఎండ మండిపోతోంది, అత్త చేదుకునేందుకు బావి ఎక్కడా కనిపించలేదు. ఆ ఇసుక కొసన ఒకవైపు పాక్ జలసంధి, చెరువులా నెమ్మదిగా ఉంటుంది. మరోవైపు మన్నారు సింధుశాఖ, అలలతో ఎగిరెగిరి పడుతుంది. మొదటిదాన్ని ఆడ సముద్రమనీ రెండోదాన్ని మగ సముద్రమనీ అక్కడివాళ్ళు అంటారు. పాండ్యుల ముత్యాలు ఈ మగ సముద్రంలోవే. వాటికోసం పోర్చుగీసులు వచ్చారు, జాలర్లలో చాలామంది యేసు మతం పుచ్చుకున్నారు. ఇదంతా అత్తకు చెప్పాలనుకున్నాను. కానీ సేతుస్నానం కాగానే ఆమె దాహానికి కళ్ళు తిరిగి ఇసుకలో కూలబడింది.

"అత్తా, ఆ గంగచెంబు విప్పుతాను, ఒక్క గుక్క తాగు" అన్నాను.

"మీ మామ దగ్గరుండి మాటేయించిన మూత. పానం పోయినా విప్పనీను" అంది.

దగ్గరలో వల బాగుచేసుకుంటున్న జాలరి స్త్రీ లేచి వచ్చింది. మెడలో శిలువ, పేరు మరియమ్మ. మొక్కు సంగతి నాకొచ్చిన తమిళంలో చెప్పాను. ఆమె ఇసుకదిబ్బ చూపించి, తవ్వుకొమ్మని సైగ చేసింది. అత్త ముఖం వెలిగింది.

"చెలమరా! మన వంకలో తవ్వేదే కదా!"

వాననీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి పైన తేలి నిలుస్తుందక్కడ. అత్త మోకాళ్ళ మీద కూర్చుని తవ్వింది. సగంలోనే చేతులు వాలిపోయాయి. మిగతా సగం మరియమ్మ తవ్వి, ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడి చాపింది. మొక్కు తప్పుతుందని అత్త తాగదేమో అనుకున్నాను. అత్త ఆ ఇసుక చేతుల వైపు చూసి దోసిలి పట్టింది.

"సగం నేను తవ్వితి, సగం ఆయమ్మ తవ్వె. ఎవురెంత తవ్వినారో నీళ్ళకేం తెలుసురా!"

కడుపారా తాగి, మరచెంబు నింపుకుంది. మరునాడు రామేశ్వరంలో గంగ అభిషేకమైంది. "మీ మామ పని అయిపాయరా" అని అత్త వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎమ్మిగనూరులో తీర్థం కోసం వీధి వీధంతా చేతులు చాపి నిలబడింది. అత్త మరచెంబు మూత తిప్పి, "ఇది మరియమ్మ తీర్థం, కండ్లకద్దుకోని తాగండి" అంది. ఎవరూ కాదనలేదు. పటంలో నేను వేలుపెట్టి చూపించే ఆ నీలం గీతల మధ్య మా అత్త ప్రాణం నిలబెట్టిన మనిషి ఉంది. ఆ పాఠం చెప్పినప్పుడల్లా ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.

ధనుష్కోడి పోయేవాళ్ళకు ఒక మాట: చెంబు మూత బిగించుకోండి. నీళ్ళు అయిపోతే అలలకు దూరంగా, దిబ్బ పక్కన మోచేతి లోతు తవ్వండి. అంతకు మించితే ఉప్పు తగులుతుంది. ఎక్కడ తవ్వాలో అక్కడి ఆడవాళ్ళను అడగండి, వాళ్ళూ వచ్చి ఒక చెయ్యి వేస్తారు.