డిక్కీ నిండా డబ్బా

మా ఆయన దుబాయ్ నుంచి వచ్చేశాడంటే వాడకట్టంతా సంతోషపడింది, నేను తప్ప. ఉన్న మాటే చెబుతున్నాను, దాచడం దేనికి? మనిషి లేని ఇంటికి నేను అలవాటు పడిపోయాను. కోరుట్లలో మా ఇంటి ముందుగది నాది. అందులో నా చాట, తునికాకు, తంబాకు, బీడీలు చుట్టుకుంటూ నేను, పక్కన ఆడుకుంటూ నా బిడ్డ. ఆ గదిలోకి ఒకరోజు జగిత్యాల నుంచి ట్రాలీ ఆటోలో చెక్క షీట్లు తెచ్చి పడేశాడు. పైగా నా చాటను కాలితో పక్కకు నెట్టాడు. కాలితో! ఒళ్ళు మండిపోయింది.

"ఏందియ్యి?"

"కారు డిక్కీల పెట్టే వూఫరు డబ్బా జేత్త. ఆర్డరచ్చింది."

అక్కడ ఆయన చేసిన పని అదే. డబ్బున్న పిల్లల పెద్ద పెద్ద జీపుల్లో, పాట పెడితే గుండెలదిరేలా మోగే స్పీకర్లకు చెక్క డబ్బాలు చేసేవాడు. ఆ దుకాణం మూతపడితే ఇంటికి తోలేశారు. ఈయనేమో తనే వదిలేసి వచ్చినట్టు మాట్లాడేవాడు.

"ఇగ పోను. ఈడనే దుకాణం పెడత. గీ ఒక్క డబ్బా మంచిగ మోగిందంటె పోరగాళ్ళంత నా తానికే అత్తరు."

"మోగకపోతె?"

"మోగకపోతె మల్ల పోవుడే."

"గయితె మోగకపోతేనే మంచిది," అన్నాను. మొహం మీదే అన్నాను.

ఆర్డరిచ్చినవాడు కథలాపూర్ పిల్లగాడు. గల్ఫ్‌లో ఉన్న వాళ్ళ అన్న కొనిచ్చిన కారు వాడిది. ఆ కారులోనే దుబాయ్ పోయేవాళ్ళను హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి బతికేవాడు. డిక్కీ కొలతలు తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను, "డిక్కీ నిండ డబ్బా పెడితె పోయెటోళ్ళ సామాన్ యాడ పెడతవ్ తమ్మీ?" అని.

"ఎయిర్‌పోర్టు కిరాయిలు బంద్ వదినా. ఇగ అన్ని పెండ్లిళ్ళే. బరాతుల నా కారే డీజే."

అబ్బో, ఆ పోజు! మా ఆయన పక్కన నిలబడి నవ్వుతూ తల ఊపాడు.

నేను సిరిసిల్లలో సాంచెల మధ్య పుట్టాను. కరెంటుతో నడిచే మగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. పొద్దంతా వాటి చప్పుడులో పనిచేసి మా నాన్న ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. ఆసామి షెడ్డు మూసేసి సాంచెలను తుక్కు కింద అమ్మిన రోజు వాడకట్టు మూగబోయింది. నాన్నకు ముద్ద దిగలేదు. చప్పుడంటే నాకు అప్పటినుంచీ కోపం. చప్పుడు ఆగిపోయినా కోపమే.

డబ్బా చేసినన్నాళ్ళూ ఇంట్లో యుద్ధమే. చెక్క కోసిన పొట్టంతా నా తంబాకులో పడేది. కార్ఖానాలో బీడీలు చూసే మనిషి కట్టలు విప్పి, "గిదేందమ్మా, కట్టెపొట్టు చుట్టినవా?" అని నలుగురిలో నవ్వాడు. ఇంటికొచ్చి ఆయన టేపు తీసుకుని వీధిలోకి విసిరేశాను. ఆయన పోయి తెచ్చుకుని, దుమ్ము తుడుచుకుని, మళ్ళీ కొలిచాడు. అందుకూ కోపమొచ్చింది.

"లోపటున్న గాలికి గూడ లెక్కుంటదే. ఎక్కువైతె మోత బుస్సుమంటది, తక్కువైతె పీక పిసికినట్టుంటది. జెర దూది గూడ పరువాలె. గా మెత్త ఇయ్యి."

మా అమ్మ బూరుగు దూదితో కుట్టి ఇచ్చిన దిండు అది. నేను వద్దనేలోపే కత్తెరతో చీల్చాడు. తిట్టవలసినవన్నీ తిట్టాను. వాళ్ళ వంశంలో ఎవర్నీ వదల్లేదు. ఆయన దూది చిక్కులు విడదీసి డబ్బా గోడలకు పరుస్తూ కూర్చున్నాడు.

ఆఖరున స్పీకరు బిగించి, నా చేతికి వెలిగించిన అగరుబత్తి ఇచ్చాడు. స్పీకరు గుండె మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కుతుంటే అతుకుల వెంట నేను బత్తి తిప్పాలి. ఎక్కడన్నా గాలి పోతే పొగ చెదురుతుంది. నాలుగు మూలలూ తిప్పాను. పొగ నిటారుగా లేచింది. పని మాత్రం వచ్చు మనిషికి.

మర్నాడు పిల్లగాడు కారు తెచ్చాడు. వీధిలో వాళ్ళంతా చూడటానికి మూగారు. ఇద్దరూ డబ్బా ఎత్తి డిక్కీలో పెట్టబోతే అది పోలేదు. తిప్పారు, పక్కకు వంచారు, తలకిందులు చేశారు. పోలేదు. లోపల కావలసినంత చోటుంది, డిక్కీ మూతి చిన్నది! అక్కడి జీపులకు వెనక తలుపు తీస్తే వెడల్పంతా తెరుచుకుంటుంది. అందుకే మా ఆయన లోపలి కొలతలు తీశాడు గానీ మూతి కొలవనే లేదు. ఎవరో పక్కున నవ్వారు. ఇంక అందరూ నవ్వారు.

"నీకు దుబాయే కరెక్టన్నా. గీడ నీతోని కాదు. మల్ల పో," అన్నాడు పిల్లగాడు.

రోజూ నేనన్న మాటే అది. అయితే మాత్రం? వాడెవడు అనడానికి!

"ఏం తమ్మీ, నోరు లేస్తుంది? ఆయన పోవుడు ఉండుడు నువ్వు జెప్తవా? మీ అన్న ఆడ ఎండల మాడితె ఈడ కారు తిప్పుతున్నవ్. నిలవడు. డబ్బా ఎట్ల పోదో సూద్దాం."

మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. తర్వాత స్పీకరు విప్పి, రంపం తెచ్చి, అద్దంలా నున్నగా ఉన్న ఆ డబ్బాను వీధిలోనే రెండుగా కోశాడు. ఒక్కో ముక్కా డిక్కీలోకి దూర్చి, స్పీకరు కంతలోంచి భుజం దాకా చెయ్యి పెట్టి, లోపల పట్టీలు వేసి, జిగురు పూసి స్క్రూలు బిగించాడు. "ఇగ ఇది బయటికి రాదు. కారుతోనే ఉంటది," అన్నాడు.

జిగురు ఆరాక పాట పెడితే మా గూట్లో స్టీలు గిన్నెలు వణికాయి. పిల్లగాడు సంబరంగా పోయాడు. మా ఆయన దుకాణం గది కోసం వెతికాడు.

ఇంకో ఆర్డరు రాలేదు. ఇంతలో మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. దుబాయ్ పోయేవాళ్ళకు మూఢం ఎక్కడిది? పిల్లగాడు మళ్ళీ ఎయిర్‌పోర్టు కిరాయిలకు దిగాడు. మా ఆయన పాస్‌పోర్టు మళ్ళీ ఏజెంటు చేతికిచ్చాడు. నేను పో అనడం ఎప్పుడో మానేశాను. ఆ సంగతి ఆయన గమనించినట్టు లేదు.

పోయే రోజు మధ్యాహ్నం అదే కారు వచ్చింది. ముందెప్పుడూ నేను ఎయిర్‌పోర్టు దాకా పోలేదు, పోవాలనిపించలేదు. ఈసారి పోదామని బిడ్డకు కొత్త గౌను వేసి, నేను పట్టుచీర కట్టుకున్నాను. చూస్తే వెనక సీట్లో దుబాయ్ పోయే కథలాపూర్ మనిషి ఒకడు, పక్కన అతని బ్యాగూ అట్టపెట్టే ఉన్నాయి.

"డిక్కీ తీయ్ తమ్మీ. సామాన్లు అండ్ల పెడితె మేం కూసుంటం."

పిల్లగాడు తల గోక్కున్నాడు. "డిక్కీల యాడిది వదినా జాగ? అన్ననే జేసిండు గద."

మా ఆయన డిక్కీ వైపు చూసి తల దించుకున్నాడు. ముందు సీట్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పచ్చడి డబ్బాల సంచి కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి నా చీర చూశాడు.

"నువ్వు గూడ అత్తనుకుంటివా?" అన్నాడు.

"ఎవడత్తడు! పో," అన్నాను.

కారు మలుపు తిరిగాక ఆ దరిద్రపు పిల్లగాడు పాట పెట్టాడు. గూట్లో గిన్నెలు మళ్ళీ వణికాయి.

"అమ్మా, బాపు జేసిన డబ్బా," అంది బిడ్డ.

చెవి పెట్టి విన్నాను. మోత ఎక్కడా చీలలేదు, కోసి అతికిన చోట కూడా. అది వినపడకుండా పోయేదాకా గుమ్మంలో నిలబడి, తర్వాత పట్టుచీర మీదే చాట పెట్టుకుని బీడీలకు కూర్చున్నాను.