చెప్పి దిగిన అవ్వ

నా భార్య చనిపోయిన ఏడాది, ఒక పని మీద రాజమండ్రి నుంచి వచ్చి, జనగామలో మహబూబాబాద్ వెళ్లే రైలెక్కాను. గ్రీకుల చిన్న దేవతల గురించి ఒక పుస్తకం చదువుతుంటే, ఎదురుగా కూర్చున్న అవ్వ అందులోని బొమ్మ చూసింది.

“గీమె ఎవలు నాయినా?”

“యూఫెమె అని ఒక దేవత అవ్వా. అక్కచెల్లెళ్లలో ఒకామె కీర్తికి, ఒకామె కలిమికి. ఈమె మంచి మాటకు. అశుభం నోట రానివ్వదు.”

“గట్లనా! అయితే మా కోడలి నోట్లె ఉండుమను.”

ఇద్దరం నవ్వుకున్నాం. “మీ ఇంటామె రాలేదా?” అని అడిగింది. చనిపోయిందని చెప్పాను. ఎవరికీ చెప్పని మాట కూడా చెప్పాను. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆచారం ప్రకారం, వెళ్లొస్తామని అనకుండానే లేచి వెళ్లిపోయారు. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనకూడదని నాకూ తెలుసు. కానీ తర్వాత వాళ్లెవరూ మళ్లీ రాలేదు.

“మా దిక్కు గూడ గంతే,” అంది అవ్వ.

కేసముద్రం స్టేషన్లో రైలు ఆగాక మూట ఎత్తుకుని తలుపుదాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చింది. దిగేవాళ్లు విసుక్కున్నారు.

“జర ఆగుండ్రి, రైలేం ఉరుకుతలేదు!” అని వాళ్లను గదిమి, నా వైపు చూసింది. “ఇది సావింటి గడప గాదు గద నాయినా. పోయొస్త.”

ఆమె పేరేమిటో నేను అడగలేదు. మళ్లీ కలుస్తామని ఇద్దరమూ అనుకోలేదు.

“మంచిదవ్వా,” అన్నాను. ఆ జవాబు చెప్పే అవకాశం నాకు చాలా కాలంగా రాలేదు.