పాత కొలతకు కుట్టిన జాకెట్

బూరీ, అన్నం పెట్టిన, రా బిడ్డా. నిన్న పొద్దున కూడా ఇట్లాగే పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది.

నా బిడ్డ పోయి రెండు నెలలు దాటింది. క్రిస్మస్ అయిన ఐదో వారంలో, ఒక శుక్రవారం పొద్దున, కామారెడ్డి ఆసుపత్రిలో ఊపిరి అందక కన్నుమూసింది. ఇరవై నాలుగేళ్లు. ఎల్లారెడ్డిలో మా వాడవాళ్లకు, చర్చివాళ్లకు ఆ రోజే తెలిసింది. ఆమెతో బట్టలు కుట్టించుకునేవాళ్లకు మాత్రం ఇంకా తెలుస్తూనే ఉంది. గుడ్డ సంచి పట్టుకొని గుమ్మం దాకా వచ్చి "అక్క లేదా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. ఆమె పోయిన సంగతి ఒక్క మాటలో అయిపోయింది. ఇక ఉన్నప్పటి సంగతులు చెబుతాను.

పుట్టినప్పుడు ఆమె బుగ్గలు నూనెలో పొంగిన బూరెల్లాగ ఉండేవి. మా ఆయన చెల్లెలిది నాగిరెడ్డిపేట. పురుటికి వచ్చి పిల్లను ఒళ్లో వేసుకొని, "వదినా, ఇది పిల్ల గాదు, బూరె" అన్నది. ఆ మాటే బూరి అనే పేరై నిలిచింది. బడికి పోయే వయసు వచ్చేసరికి బుగ్గలు పోయాయి. ఎంత పెట్టినా సన్నగానే పెరిగింది. "పేరేమో బూరి, మనిషేమో అప్పడం" అని వాళ్ల మేనత్త వచ్చినప్పుడల్లా ఎక్కిరించేది. "అప్పడమైనా కరకరలాడుత గద అత్తా" అని నా బిడ్డ తిప్పికొట్టేది.

పదో తరగతి అయ్యాక కుట్టు మిషన్ నేర్చుకుంది. ముందరి అర్రలో కిటికీ కింద మిషన్ వేసుకుంది. డిసెంబరు వచ్చిందంటే ఆ అర్రలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. మా వాడలో సగం మంది క్రిస్మస్ బట్టలు ఆమె చేతి మీదనే పోయేవి. ఎవరి జాకెట్ కుట్టినా లోపల రెండు వేళ్లంత గుడ్డ మడిచి వదిలేది. గుడ్డ దండగ కదా అని ఒకసారి అన్నాను. "గట్ల వదలాలె అవ్వా. మనిషి ఒక్క తీరుగ ఉండదు. రేపు ఒళ్లు చేస్తె కుట్టు విప్పుకోవాలె గద" అన్నది.

ఒళ్లు చేయడం. ఆ మాట దగ్గరనే నేను తప్పు చేశాను.

ముందటేడు క్రిస్మస్ నెలలో ఆమె ముఖం నిండుగా కనిపించింది. పొద్దున లేవగానే బుగ్గలు మళ్లీ చిన్నప్పటిలాగ ఉండేవి. పండుగకు వచ్చిన మేనత్త గడప దాటకముందే, "ఒళ్లు చేసింది వదినా. పాత బూరి మళ్లొచ్చింది" అన్నది. నేను ఎంత మురిసిపోయానంటే, పాస్టరయ్యను ఇంటికి పిలిచి కృతజ్ఞత ప్రార్థన చేయించాను. తింటున్నది కదా అని ఇంకా పెట్టాను. మామిడి తొక్కు పెట్టాను, ఎండు చేపలు వేయించి పెట్టాను. జాకెట్లు పట్టేస్తుంటే తనే కుట్టు విప్పుకున్నది. "చూసినవా, వదిలిన గుడ్డ పనికొచ్చింది" అని నవ్వింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒకరోజు కాళ్లు గుంజుతున్నాయంటే నూనె రాశాను. వేలు తీసిన చోట గుంత పడింది. అది నిండలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ గుంత. మా ఆయనను పిలిచి చూపించాను. తెల్లారే కామారెడ్డికి తీసుకుపోయాం.

పరీక్షలు చూసి డాక్టరమ్మ, "ఇది కండ కాదమ్మా, నీళ్లు. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు" అన్నది. తిరుగు బస్సులో నేను కొంగు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను. కృతజ్ఞత ప్రార్థన చేయించింది నేనే. ఉప్పు తొక్కులు పెట్టింది నేనే. నా బిడ్డ కాసేపు చూసి, నా మోచేతిని పొడిచింది. "నువ్వొక్కదానివేనా అవ్వా? టేపు పెట్టి కొలుసుకున్నదాన్ని, నేనే గుర్తు పట్టలే. ఇద్దరం ఒకటే తెలివి. ఊకో" అన్నది. ఆ మాట నన్ను ఆ రోజు బతికించింది.

అప్పటినుంచి వారానికి మూడు రోజులు కామారెడ్డి ప్రయాణం. రక్తం కడిగే డయాలసిస్ మిషన్ మీద నాలుగు గంటలు పడుకోవాలి. పోయేటప్పుడు ఒకసారి, లేచాక ఒకసారి తూకం చూస్తారు. "వీళ్లు గూడ కొలతలే తీస్తరు, కుట్టేదే లేదు" అనేది. రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని చెప్పారు. ఒక సీసాకు ఎర్ర దారం కట్టి, ఆ దారం దాకానే నింపుకొని రోజంతా గుక్కగుక్కగా తాగేది. ఎండాకాలంలో కూడా దారం పైకి జరపలేదు. బస్సులో మాత్రం ఊరుకునేది కాదు. నా చెవిలో, "ముందు సీటు పెద్దమ్మ జాకెట్ చూడు, చంకల పట్టి చంపుతున్నది. కుట్టినోళ్లను దొరకబట్టి అదే తొడిగియ్యాలె" అనేది. నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. అందరూ మమ్మల్ని ఏ పెళ్లికో పోతున్నారనుకునేవాళ్లు.

సూదులు ఎడమ చేతికే గుచ్చేవారు. జాకెట్ చేయి పైకి లాగితే బిగుసుకుంటున్నదని ఆ ఎడమ చేతి గుడ్డను నిలువునా కోసి, పొడుగునా టిచ్ బటన్లు కుట్టుకుంది. టప్ టప్ మని విప్పితే చేయి తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. పక్క మంచంలో పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చే తాత ఒకాయన ఉండేవాడు. అది చూసి, "నాది గూడ గట్ల చెయ్యి బిడ్డా, మా ముసల్ది నా అంగీలన్ని కత్తెరేసి పాడుచేసింది" అన్నాడు. ఆయన అంగీకి చేసింది. తర్వాత ఇంకో ఇద్దరికి చేసింది. అక్కడి సిస్టరమ్మ "నీవల్ల మా పని సగమైంది" అనేది.

ఇక నేను ఏం చేయగలను? సూది గుచ్చడం రాదు, ఆసుపత్రి కాగితాల మీది ఇంగ్లీషు తెలియదు. నాకు చేతనైంది ఉపవాస ప్రార్థన. ఆమె మిషన్ మీద ఉన్న రోజు నేను ముద్ద ముట్టేదాన్ని కాదు. బిడ్డ నీళ్లు కొలుచుకొని తాగుతుంటే నా గొంతులో అన్నం దిగకపోయేది కూడా. వారానికి మూడు రోజుల ఉపవాసం నాలుగయ్యింది, ఐదయ్యింది. "తిన్నవా అవ్వా?" అంటే "ఇప్పుడే తిన్న" అనేదాన్ని. చెప్పింది అబద్ధమే, దేవుడు క్షమించాలి.

పోయిన డిసెంబరు మొదట్లో పండుగ జాకెట్‌కు కొలత తీస్తానని నిలబెట్టింది. టేపు నా చుట్టూ తిప్పి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది.

"అవ్వా, ఏంది గిది?"

"ఏమున్నది, బస్సులల్ల తిరిగి చిక్కిన."

"నేను గూడ అదే బస్సుల తిరుగుతున్న. నిజం చెప్పు, ఎన్ని దినాల సంది తింటలేవు?"

ఆమె టేపు మెడలో వేసుకొని మిషన్ ముందర కూర్చుంది. "నా కోసం ప్రార్థన చెయ్యి. గాని తిని చెయ్యి" అన్నది. కోపంగా అనలేదు. పనివాళ్లకు పని చెప్పినట్టు చెప్పింది. నేను సరే అన్నాను, కాని పూర్తిగా మానలేదు. ఆమెకు అది తెలుసు.

క్రిస్మస్ రోజే ఆమె డయాలసిస్ వంతు పడింది. మా ఆయన ప్రతి ఏడూ వెదురు కట్టెకు కాగితపు నక్షత్రం కట్టి ఇంటి మీద నిలబెట్టేవాడు. ఈసారి దాన్ని అటక మీదనుంచి దించలేదు. "పిల్ల మంచం మీద ఉంటె నాకు పండుగేంది, వద్దుతియ్" అన్నాడు. నా బిడ్డ వాకిట్లోకి వచ్చి, "బాపు, నా కిడ్నీలు ఆగినయి గాని యేసు పుట్టుడు ఆగుతదా? నక్షత్రం తియ్. మూడు గంటలకు నేనొస్త, మూడు గంటలకే మనకు క్రిస్మస్" అన్నది. ఆయన నిచ్చెన తెచ్చాడు.

ఆ రోజు తొలి బస్సుకు బయలుదేరాం. ఆమెది కొత్త ఎర్ర పట్టు జాకెట్, దాని చేతికి కూడా టిచ్ బటన్లు. సంచిలో సిస్టరమ్మలకు కేకు ముక్కలు, తాతకు అరిసెలు. తాత లేచి కూర్చుని, "ఇయ్యాల మీ పండుగ గద బిడ్డా, ఇంట్ల ఉండక మా మొఖాలు చూడొస్తివి" అన్నాడు. "మీరు గూడ మా సుట్టాలే తాతా. రక్తం ఒక్క దగ్గరనే కడిగించుకుంటున్నం" అన్నది. ఆ గదిలో మంచాల మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాలుగు గంటలు మిషన్ తిరిగింది. నేను పక్కన కూర్చుని, ఆమె అరచేతిని నా అరచేతిలో పెట్టుకొని, మనసులో ఒకటే అడిగాను. వచ్చే క్రిస్మస్ కూడా ఇట్లాగే ఈ చేయి నా చేతిలో ఉండనియ్యి తండ్రీ అని. అది జరగలేదు. అడిగినందుకు నాకు చింత లేదు.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. బగారన్నం, కోడికూర వండి మేనత్త పొయ్యి పక్కన కూర్చుని ఉంది. బిడ్డకు ఉప్పు తగ్గించి చిన్న గిన్నెలో వేరుగా చేసింది. చర్చి నుంచి పొద్దుననే వచ్చిన మా ఆయన కూడా తినలేదు. ఎవరూ పళ్లెం పెట్టుకోలేదు.

"నేను రాకుంటె మీరు తినరా?" అన్నది నా బిడ్డ.

"తినం" అన్నది మేనత్త.

"గట్లయితె నాకు రెండు జబ్బులన్నట్టు. ఒకటి కిడ్నీలది, ఇంకోటి మీది."

"నీ గిన్నెల ఉప్పు తక్కువైందని మా మీద కారం చల్లుతున్నవా?" అని మేనత్త ఆమె ముందర పళ్లెం పెట్టింది. అందరం ఒకే చాప మీద కూర్చున్నాం. ఆమె తిన్నది పిడికెడే. కాని అందరి పళ్లేలూ చూస్తూ, "బాపుకు ఇంకో ముక్క వెయ్యి, అవ్వకు అన్నం వెయ్యి" అని చేతితో చూపిస్తూ కూర్చుంది. ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను. ఆమె కళ్లు నా పళ్లెం మీదనే ఉన్నాయి మరి.

తిన్నాక కాగితంలో చుట్టిన జాకెట్ నా చేతిలో పెట్టింది. తెల్లది, మెడకు సన్నటి నీలం అంచు. లోపలికి పోయి వేసుకున్నాను. భుజాల మీదనుంచి జారిపోతున్నది. సంచి తొడుక్కున్నట్టుంది.

"కొలత తప్పింది బిడ్డా" అన్నాను బయటికి వచ్చి.

"తప్పలే."

"మొన్న టేపు పెట్టి కొలిస్తివి గదనే."

"కొలిచిన, పక్కన పెట్టిన. నా పుస్తకంల నీ పాత కొలత ఉన్నది, దానికే కుట్టిన. నేను జాకెట్‌ను తగ్గియ్య. నువ్వే ఆ కొలతకు రావాలె."

మేనత్త పడీపడీ నవ్వింది. మా ఆయన కూడా చాలా రోజులకు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వులు తగ్గాక నా దగ్గరికి జరిగి, భుజం మీది వదులును రెండు వేళ్లతో పట్టుకొని, నాకు మాత్రమే వినపడేటట్టు, "నేను ఉన్నా లేకున్నా, వచ్చే క్రిస్మస్‌కు ఇది నీకు సరిపోవాలె" అన్నది.

ఆ తర్వాత నాలుగు వారాలు బాగానే తిరిగింది. రెండు అంగీలు, ఒక లంగా కుట్టింది. చివరి శుక్రవారం పొద్దున బస్సు ఎక్కడానికి కూడా ఓపిక లేక ఆటోలో తీసుకుపోయాం. లోపలికి తీసుకుపోతుంటే టిచ్ బటన్లు తనే విప్పి సిస్టరమ్మకు చేయి ఇచ్చింది. నేను చూసిన ఆమె చివరి పని అది.

సమాధి చేసి వచ్చాక మూడు రోజులు నేను పళ్లెం ముందర కూర్చోలేదు. మూడో రోజు మేనత్త కొయ్యకు తగిలించిన తెల్ల జాకెట్ తెచ్చి నా ఒళ్లో వేసింది. "నీ బిడ్డ చెప్పిన పని ఇది. చేస్తవా, చెయ్యవా?" అన్నది. అన్నం కలిపి మొదటి ముద్ద తనే పెట్టింది. అప్పటినుంచి పూట తప్పలేదు. ప్రార్థన కూడా తినే చేస్తున్నాను.

మొదట్లో ఆ జాకెట్‌కు పిన్నీసులు పెట్టుకొని చర్చికి పోయేదాన్ని. ఇప్పుడు పిన్నీసులు అక్కర్లేదు. చంకల దగ్గర ఒక వేలెడు వదులు మిగిలింది, క్రిస్మస్‌కు ఇంకా చాలా నెలలున్నాయి. మొన్న ఉతికి ఆరేస్తూ లోపలి కుట్టు తిప్పి చూశాను. అంత పెద్ద కొలతకు కుట్టి, దాని లోపల కూడా రెండు వేళ్లంత గుడ్డ మడిచి వదిలింది. నేను ఇంకా ఒళ్లు చేస్తానని నా బిడ్డ లెక్క. దండెం మీద ఎండకు ఆ మడత రెండు వైపులా తెల్లగా కనిపిస్తూ ఊగింది.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లారా, గుమ్మంలో నిలబడి వెనక్కి పోకండి. లోపలికి రండి, అన్నం ఉంటుంది. దూరాన ఉండి ఇది చదివేవాళ్లు మీ ఇంట్లోనే లేచి పళ్లెం పెట్టుకోండి. కడుపు నిండా తినండి.