గాజు ముందు గాజు

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు మళ్లీ వచ్చాయి. మొన్న పొద్దున గురజాల అవతల ఒక చేను గట్టున కెమెరా పట్టుకుని కూర్చున్నాను. గాలి కల్లం మీదుగా ఇటు తిరిగింది. ఘాటు ముక్కుకెక్కి వరసగా నాలుగు తుమ్ములు. అలాంటప్పుడు ఎవరైనా తువ్వాలుతో ముక్కు మూసుకుంటారు. నా చెయ్యి మాత్రం దానంతటదే లెన్స్ అంచు దగ్గరికి పోతుంది. దాని ముందు ఇంకో గాజు ఏదైనా బిగించి ఉందేమోనని వేలితో తడుముతుంది. ఉండదని నాకు తెలుసు. అయినా ఇన్నేళ్లుగా తడమడం మానలేదు. తడిమిన ప్రతిసారీ మస్తాన్ మామ గుర్తొస్తాడు. ఆయన వెనకే నా మీద నాకు రోత కూడా వస్తుంది.

మస్తాన్ మామ నరసరావుపేటలో కెమెరాలు బాగుచేసేవాడు. బస్టాండుకు ఎదురుగా, ఇద్దరు లోపలికి వస్తే మూడోవాడు బయట నిలబడాల్సినంత కొట్టు ఆయనది. చుట్టుపక్కల ఊళ్ల స్టూడియోల వాళ్లందరికీ ఆయనే దిక్కు. పెళ్లిపందిట్లో పన్నీరు పడ్డ కెమెరా, మెట్ల మీద నుంచి దొర్లిన ఫ్లాష్, లోపల బూజులా ఫంగస్ పట్టిన లెన్స్, అన్నీ ఆయన బల్ల మీదికే చేరేవి. మాకూ వాళ్లకూ చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. నేను గురజాలలో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని. కెమెరా పట్టుకోవడం ఒకచోట నేర్చుకున్నాను గానీ, దాన్ని అర్థం చేసుకోవడం మాత్రం ఆ బల్ల ముందు నిలబడే నేర్చుకున్నాను.

ముహూర్తాలు లేని నెలల్లో ఊరికే ఉండలేక నాకు పిట్టల ఫొటోల పిచ్చి పట్టింది. ఫోన్లో ఎవరెవరో పెట్టే ఫొటోలు చూసి, వాళ్ల లెన్సుల ధరలు చూసి, ఇల్లు తాకట్టు పెట్టినా అందవని తెలుసుకుని ఒకరోజు మామ దగ్గరికి వెళ్లాను.

“మామా, పిట్టలకి లెన్స్ కావాలి. తక్కువలో చూడు.”

“ఏ పిట్టలకి?” అన్నాడు తల ఎత్తకుండా.

“పిట్టలంటే పిట్టలే గదా.”

“చొక్కా కుట్టమంటే కొలత అడగరా ఏంది? ఏ పిట్ట, ఎంత దూరాన కూర్చుంటది, ఏ పూట తీస్తావు? నువ్వు అది చెప్పు, లెన్స్ సంగతి నేను చెప్తా.”

నాకేమీ తెలియదు. తీతువు పిట్టలని నోటికొచ్చింది చెప్పాను. ఆయన నవ్వి, బీరువా అడుగు నుంచి ఒక పాత లెన్స్ తీశాడు. మూతబడిన ఏదో స్టూడియో నుంచి వచ్చింది. జూమ్ లేదు. ఫోకస్ చేతితో తిప్పుకోవాలి. నా కెమెరాకు తగిలించడానికి మధ్యలో ఒక రింగు కూడా ఆయనే అమర్చాడు. నేను ముఖం ముడుచుకున్నాను.

“చవకలో జూము, వెలుగు, పదును మూడూ రావు అబ్బాయ్. ఏది వదులుకుంటావో ముందు అనుకో. నేనైతే జూము సుఖం వదులుకుంటా, పదును ఉంచుకుంటా,” అన్నాడు. తర్వాత నన్ను గుమ్మంలో నిలబెట్టి, రోడ్డు అవతల ఆగిన బస్సు బోర్డు చదవమన్నాడు. ఏ లెన్స్‌కైనా ఆయన పెట్టే పరీక్ష అదే. రింగు మెల్లగా తిప్పాను. ‘పిడుగురాళ్ల’ అన్న అక్షరాలు, వాటి మీద ఎండిన బురద చుక్కలతో సహా, చేతికి అందేటట్టు కనిపించాయి. తీసుకుని బయల్దేరుతుంటే వెనక్కి పిలిచాడు. “ఒక్క మాట. గాజు ముందు ఇంకో గాజు పెట్టమాక. దుమ్ముకి ఈ గొట్టం చాలు,” అని లెన్స్ ముందుండే హుడ్‌ను గట్టిగా బిగించి ఇచ్చాడు.

ఒక ఆదివారం ఆయనే బస్సెక్కి గురజాల వచ్చాడు. నాపరాళ్ల గనుల పక్కన బీడులోకి వెళ్లాం. తీతువులు గూడు కట్టవు, రాతి ముక్కల మధ్యనే నేల మీద గుడ్లు పెడతాయి. మేము కొంచెం ముందుకు వెళ్లామో లేదో ఒక పిట్ట తలమీద తిరుగుతూ అరుపులు లంకించుకుంది. “పొద్దున్నే అపశకునం,” అన్నాను, మా అమ్మ అనే మాటే. మామ నా భుజం పట్టి నాలుగడుగులు వెనక్కి లాగాడు. “దాని గుడ్ల మీదకి నడిచిపోయేది మనం. పాడు పేరు దానికా? అది తిట్టక ఏం చేసిద్ది?” అన్నాడు. తలకు తువ్వాలు కప్పుకుని చతికిలబడ్డాడు, నన్నూ కూర్చోబెట్టాడు. “లెన్స్ పొట్టిదైతే మనం కూర్చునే టైము పొడుగు కావాలి. పెద్ద లెన్సోడు డబ్బెట్టి కొనుక్కునేది పిట్ట దగ్గరితనమే, కూర్చుంటే మనకి ఉత్తినే వచ్చిద్ది.” చానాసేపటికి ఆ పిట్ట మమ్మల్ని మర్చిపోయి, మా ముందే నడుచుకుంటూ వచ్చి గుడ్ల మీద కూర్చుంది. నా జీవితంలో నేను తీసిన మొదటి మంచి ఫొటో అది.

అంత చెప్పినా నా బుద్ధి నాదే. మిరప కోతలు మొదలయ్యాయి. కల్లాల దగ్గర గాలి నిండా ఎర్రటి ధూళి. మా వైపు అదంటే అందరికీ హడలే. కంట్లో పడితేనే ఇంత మంట పుడితే లెన్స్ గాజు ఏమైపోతుందోనని నాకు పీడకల్లాంటి భయం పట్టుకుంది. పెళ్లి ఆల్బమ్‌ల పని మీద గుంటూరు వెళ్లినప్పుడు, అద్దం ముక్కలాంటి చవక ఫిల్టర్ ఒకటి కొని లెన్స్ ముందు బిగించాను. మామకు చెప్పలేదు. ఆయనకేం తెలుసు, ఆయన కూర్చునేది కొట్లో, తిరిగేది నేను కదా అనుకున్నాను.

ఆ నెలంతా తీసిన ఫొటోలు పాలనీళ్లలో ముంచి తీసినట్టు వచ్చాయి. ఈక మీద ఈక విడివిడిగా కనిపించాల్సిన చోట ఒకటే ముద్ద. మా ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఒకటి పెడితే, “ఇది పిట్టా, పత్తి కాయా?” అన్నాడొకడు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. ఒళ్లు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాలాంటి వాడిని చూసే పుట్టి ఉంటుంది. ఆ కోపంలో రాశాను: ‘నరసరావుపేట మస్తాన్ అంటగట్టిన ఫంగస్ లెన్స్ ఇది. మీరెవరూ మోసపోవద్దు.’

నన్ను సొంత మనిషిలా చూసుకున్న వాడిని మోసగాడన్నాను. అదీ ఆయన గిరాకీ అంతా ఉన్న గ్రూపులో. కాసేపటికి ఒకరిద్దరు ఆయన బాగుచేసిన తమ పాత కెమెరాల మీద అనుమానాలు కూడా పెట్టారు. అప్పుడు కూడా నాకు బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే, నలుగురు తోడొచ్చారని హాయిగా అనిపించింది.

ఎదురుపడే ధైర్యం లేక లెన్స్‌ను బస్సు పార్సిల్లో మామకు పంపాను. నాలుగో రోజుకు తిరిగొచ్చింది. లెన్స్ శుభ్రంగా తుడిచి ఉంది. ఫిల్టర్‌ను విప్పి వేరే కాగితంలో చుట్టాడు. ఆ కాగితం మీద ఒకే ముక్క రాశాడు: ‘ఇది లేకుండా బస్సు బోర్డు చదువు.’

గురజాల బస్టాండుకు వెళ్లి నిలబడ్డాను. ఫిల్టర్ లేకుండా చూస్తే మాచర్ల బోర్డు కడిగినట్టు ఉంది. ఫిల్టర్ బిగిస్తే ఆ అక్షరాలే నానిన శనగల్లా ఉబ్బాయి. నమ్మలేక నాలుగుసార్లు తీసి పెట్టాను. అక్కడే ఫోన్ తీసి, ‘తప్పు లెన్స్‌ది కాదు, మస్తాన్ మామది అసలే కాదు, నాది’ అని గ్రూపులో రాశాను. పంపే ముందు ఒక్క క్షణం ఆగాను. మళ్లీ ఆ నవ్వే బొమ్మలన్నీ కళ్ల ముందు కదిలాయి. ఫిల్టర్ సంగతే తెలియనివాడికి పెళ్లి ఎవడు అప్పజెబుతాడనిపించింది. రాసింది చెరిపేశాను.

పది రోజులు ఆగి నరసరావుపేట వెళ్లాను. బల్ల మీద ఒక్క కెమెరా కూడా లేదు. మామ నన్ను చూసి, ఎప్పటిలాగే ఎదురుగా ఉన్న టీ కొట్టుకు రెండు వేళ్లు చూపించాడు. టీ వచ్చాక, “పొరపాటైంది మామా,” అన్నాను.

ఆయన గ్లాసు నా చేతికిచ్చాడు. “నాకెందుకురా చెప్పటం? నేను ఫంగస్ లెన్స్ ఇయ్యలేదని నాకు తెలుసుగా. తెలవనోళ్లకి చెప్పు.”

“చెప్తా మామా.”

“సరే,” అన్నాడు. ఆ తర్వాత తీతువు పిల్లలు లేచాయా అని అడిగాడు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

నేను చెప్పలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ ముహూర్తాలు వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత ఏడాది ఆయన కొట్టు తీసేసి, బావమరిది ఫ్యాన్ల వైండింగ్ షాపులో కూర్చున్నాడు. ఫోన్లొచ్చాక కెమెరాలు ఎవరు బాగుచేయించుకుంటున్నారని అందరూ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా నేనే అన్నాను. అందులో కొంత నిజం ఉండొచ్చు. మిగతాది ఎంతో నాకు తెలుసు.

పోయిన వేసవిలో మామ పోయాడని కబురొచ్చింది. మట్టి ఇచ్చి గురజాల వస్తూ, బస్సులో కూర్చుని గ్రూపులో మొత్తం రాశాను. ఫిల్టర్ కొన్న దగ్గర్నుంచి, రాసి చెరిపేసిన దాకా. ఇప్పుడు ఎవరు నవ్వినా పడాలనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పాతవాళ్లలో చాలామంది ఈ పని మానేసి గ్రూపు వదిలిపోయారు. మిగిలినవాళ్లు దండాలు పెట్టే బొమ్మలు పెట్టారు. చివర్లో, కొత్తగా చేరినవాడెవరో అడిగాడు: “మస్తాన్ అంటే ఎవరన్నా?”

ఆ ఒక్క ప్రశ్నకు నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. తెలిసినవాళ్లు ఉన్నప్పుడు నోరు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన పేరే ఎవరికీ తెలియదు.

ఆ పాత లెన్స్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. “తక్కువలో ఏ లెన్స్ కొనాలి, అన్నా?” అని ఎవరైనా వస్తే, ఏ పిట్టకని అడుగుతాను. బస్టాండుకు తీసుకెళ్లి బోర్డు చదివిస్తాను. ఈ పరీక్ష ఎవరిదో, ఆయన్ని నేను ఏమన్నానో చెప్పాకే లెన్స్ సంగతి మాట్లాడతాను. కొందరు ఇబ్బందిగా నవ్వుతారు. నవ్వనీ. తెలవనోళ్లకి చెప్పు అన్నాడు మామ. మీకూ ఆయన తెలియదు కదా, అందుకే చెప్పాను.