సేటు ఆగిన కుప్ప

నిజామాబాద్ పసుపు యార్డులో ఆ ముసలి సేటు ఏ కుప్ప దగ్గర ఆగితే దాని ధర పెరిగేది. ఆగి, ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగును చాలాసేపు చూసేవాడు. మిగతా వ్యాపారులు వెంటనే అక్కడ మూగేవారు. ఆయన ఎక్కడ ఆగుతాడోనని మోర్తాడ్ రైతులం మాకు కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఒకసారి నా కుప్ప దగ్గర ఆగాడు. కొమ్ము విరిచాడు కానీ చూపు దాని మీద లేదు. రెండో చెయ్యి పిక్క పిసుకుతోంది.

"ఏమైంది సేటూ?"

"కాళ్ల నరాలల్ల రక్తం సక్కగ పోతలేదట. జర నడిస్తే పిక్క పట్టేస్తది, నిలవడితే సర్దుకుంటది. ఎవ్వలకు చెప్పకు."

"మరి గీ కొమ్ము?"

"ఉట్టిగ నిలవడితే కాళ్లు పోయినయంటరు."

నొప్పి వచ్చేదాకా నడువు, ఆగు, మళ్లీ నడువు అన్నాడట కంఠేశ్వర్ డాక్టరు. రోజూ అట్లాగే నడిచాడు. మరుసటి ఏడు యార్డంతా ఎక్కడా ఆగకుండా చుట్టేశాడు. నా కుప్పనూ దాటిపోయాడు.

పక్క కుప్ప రైతు నా భుజం పట్టి ఊపాడు. "సేటు నిలవడకనే పోయిండు! మన పసుపుల ఏం ఖరాబున్నదే?"

నాకు అసలు సంగతి తెలుసు. అయినా వంగి, ఒక కొమ్ము విరిచి చూసుకున్నాను.